ఒకే ఇంట్లో రెండు ఎర్రకళ్లు: రెంటికీ ఒకే చుక్కల మందు సరిపోతుందా?

ప్రశ్న: మా చిన్నబ్బాయికి ఆరేళ్లు. నాలుగు రోజుల కిందట వాడికి రెండు కళ్లూ ఎర్రబడ్డాయి. పొద్దున లేచేసరికి పసుపుపచ్చ పుసితో రెప్పలు అతుక్కుపోతున్నాయి. మందుల షాపులో మోక్సిఫ్లోక్సాసిన్ చుక్కలు ఇచ్చారు. రోజుకు మూడుసార్లు వేస్తున్నాం, కొంచెం నయంగానే ఉంది. నిన్నటి నుంచి మా పెద్దమ్మాయికి కుడికన్ను ఎర్రబడింది. తనకు 19 ఏళ్లు. నొప్పి బాగా ఉంది, వెలుతురు చూడలేకపోతోంది, ఆ కంటికి మసగ్గా కనిపిస్తోందంటోంది. తను కాంటాక్ట్ లెన్సులు వాడుతుంది, అప్పుడప్పుడు తీయకుండానే నిద్రపోతుంది. తమ్ముడిది అంటుకుందనుకుని అవే చుక్కలు వేద్దామనుకుంటున్నాం. ఇంట్లో పాత సీసాలు ఇంకో రెండున్నాయి. ఒకటి టోబ్రామైసిన్, రెండోది టోబ్రామైసిన్‌తో డెక్సామెథసోన్ కలిపినది. పోయినేడాది ఆ రెండోది వేస్తే ఒక్క రోజులో ఎరుపు పోయింది. ఈ మూడింటిలో ఏది ఎక్కువ పవరున్నది? ఒక్కో డాక్టరు ఒక్కో యాంటీబయాటిక్ ఎందుకు రాస్తారు?

సమాధానం: మీ పెద్దమ్మాయిని ఈ రోజే, వీలైతే ఈ గంటలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మిగతాదంతా తిరిగొచ్చాక చదువుకోవచ్చు.

ఒక్క కంటికే రావడం, గట్టి నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, చూపు మసకబారడం, పైగా లెన్సులతో నిద్రపోయే అలవాటు. ఇవన్నీ ఒకచోట కలిసినప్పుడు దాన్ని తమ్ముడి దగ్గర అంటుకున్న కండ్లకలక అనుకోకూడదు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద పుండు పడిందేమోనని అనుమానించాలి. లెన్స్ పెట్టుకుని పడుకుంటే కార్నియాకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, పైపొర కణాలు బలహీనపడతాయి, లెన్స్ కింద కన్నీరు కదలకుండా నిలిచిపోతుంది. లెన్సుల డబ్బాలో తడి ఉన్నచోట బతికే సూడోమొనాస్ అనే బ్యాక్టీరియాకు ఇదే అదను. అది విడుదల చేసే ఎంజైములు కార్నియాను కరిగిస్తాయి. నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లచుక్కగా మొదలైనది ఒకటి రెండు రోజుల్లోనే మధ్యకు పాకవచ్చు, పొరకు చిల్లు పడవచ్చు. పుండు మానినా మచ్చ మిగిలితే, అంటే కంట్లో పువ్వు పడితే, పోయిన చూపు చుక్కల మందులతో తిరిగి రాదు. గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు ఇది.

బయలుదేరే ముందు రెండు కళ్ల లెన్సులూ తీయించండి. వాటిని పారేయకండి. లెన్సులు, వాటి డబ్బా, ద్రావణం సీసా అన్నీ వెంట తీసుకెళ్లండి, అవసరమైతే వాటిని కూడా పరీక్షకు పంపుతారు. కంటికి కట్టు కట్టకండి. మూసిన కట్టు కింద వెచ్చదనం, చెమ్మ బ్యాక్టీరియాకు అనుకూలిస్తాయి. మీ దగ్గరున్న మూడు సీసాల్లో దేన్నీ ఆ కంట్లో వేయకండి. డాక్టరు పుండు అంచుల నుంచి కాస్త గీకి తీసి పరీక్షకు పంపాల్సి రావచ్చు. ముందే నాలుగు చుక్కలు పడి ఉంటే సూక్ష్మజీవి చావకపోయినా, కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షలో మాత్రం పెరగకుండా పోతుంది. అప్పుడు ఏ మందు ఇవ్వాలో ఊహించుకోవాల్సి వస్తుంది. కంటి డాక్టరు అందుబాటులోకి రావడానికి ఒక రోజు పట్టే పరిస్థితి ఉంటే మాత్రం ఫోన్లో అడిగి, వారు చెప్పిన మందు చెప్పిన లెక్కన మొదలుపెట్టండి. అలాంటప్పుడు కల్చర్ కన్నా కన్ను ముఖ్యం.

మీరు అడిగిన ప్రశ్న ఏ మందు పవరున్నది అని. డాక్టరు ముందుగా చూసేది అది కాదు, ఇన్ఫెక్షన్ కంటిలో ఏ భాగంలో ఉందన్నది. తెల్లగుడ్డు మీది పల్చటి పొరలో ఉంటే కండ్లకలక. కార్నియాలో ఉంటే పుండు. రెప్ప అంచున, కన్నీటి సంచిలో, కంటి గుంటలో, కనుగుడ్డు లోపల ఉంటే అవన్నీ వేర్వేరు జబ్బులు. చుక్కల మందు ఒక్కోచోటికి ఒక్కో మోతాదులో చేరుతుంది, కొన్నిచోట్లకు అసలే చేరదు. ఏ సూక్ష్మజీవి కావచ్చన్నది రెండో ప్రశ్న. మందు పేరు ఆ తర్వాతే.

మీ అమ్మాయి విషయంలో డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే, కంటిని పెద్దది చేసి చూపే పరికరం కింద చూస్తారు. ఫ్లోరెసీన్ రంగు వేసి నీలికాంతిలో చూస్తే, పైపొర చిట్లినచోటు పచ్చగా మెరుస్తుంది. పుండు చిన్నదై, అంచున ఉంటే గీకకుండానే మందు మొదలుపెట్టవచ్చు. రెండు మిల్లీమీటర్లు దాటినా, నడిమధ్యన ఉన్నా, లోతుగా దిగినా, చూడ్డానికి తేడాగా అనిపించినా గీకి తీస్తారు. గ్రామ్ స్టెయిన్, అంటే రంగు వేసి మైక్రోస్కోప్‌లో బ్యాక్టీరియాను చూసే పరీక్ష ఫలితం ఆ రోజే వస్తుంది. బ్యాక్టీరియా కల్చర్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది, ఫంగస్ అయితే వారమైనా పట్టవచ్చు.

ఫలితం వచ్చేదాకా ఆగరు. చిన్న పుండుకు ఫ్లోరోక్వినొలోన్ జాతి మందు ఒక్కటే సరిపోవచ్చు. మోక్సిఫ్లోక్సాసిన్, గాటిఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ ఈ జాతివే. అంటే మీ ఇంట్లో ఉన్న మోక్సిఫ్లోక్సాసినే మళ్లీ రాసివ్వవచ్చు. అదే మందు కదా, ఇంత దూరం ఎందుకొచ్చాం అనుకోకండి. మందు అదే, వైద్యం వేరు. మీ అబ్బాయికి వేస్తున్నది రోజుకు కంటికి మూడు చుక్కలు. కార్నియా పుండుకైతే మొదటి అరగంట ఐదు, పది నిమిషాలకొక చుక్క, ఆ తర్వాత గంటకొకటి, మొదటి 48 గంటలు రాత్రి నిద్ర లేపి మరీ వేయాలి. రోజుకు మూడు చుక్కలతో పుండును మాన్పాలని చూడటం, సగం అణగదొక్కి వదిలేయడంతో సమానం. లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది, విలువైన రెండు రోజులు పోతాయి.

పుండు పెద్దదైతే, మధ్యలో ఉంటే, రెండు మందులు బలం పెంచి వాడతారు. సెఫజోలిన్ మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు, టోబ్రామైసిన్ మిల్లీలీటరుకు 14 మిల్లీగ్రాముల చొప్పున తయారు చేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. షాపులో దొరికే టోబ్రామైసిన్ సీసాలో మిల్లీలీటరుకు ఉండేది 3 మిల్లీగ్రాములే, కాబట్టి మీ పాత సీసా దానికి బదులు కాదు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా అని అనుమానముంటే సెఫజోలిన్ స్థానంలో వాంకోమైసిన్ వస్తుంది. ఈ మందులు కొద్దిరోజులే నిలవ ఉంటాయి, ఫ్రిజ్‌లో పెట్టాలి, తేదీ దాటితే కొత్తవి చేయించాలి. కంట్లో మండుతాయి. మంటకు భయపడి చుక్కలు తగ్గించకండి. భరించలేనంతగా ఉంటే డాక్టరుతో చెప్పండి, ఉపాయముంటుంది.

పుండల్లా బ్యాక్టీరియాదే కానక్కర్లేదు. కంట్లో ఆకో, రెమ్మో, పొట్టో గీరుకుని వచ్చిన పుండైతే ఫంగస్ కావచ్చు. దానికి నటమైసిన్ లాంటి మందు కావాలి, యాంటీబయాటిక్ పనిచేయదు. లెన్సులతోనే స్నానం చేసినా, ఈతకొట్టినా అకాంతమీబా అనే ఏకకణజీవి పట్టవచ్చు. పుండు చూస్తే కొంచెమే ఉంటుంది, నొప్పి మాత్రం దానికి పొంతన లేనంత విపరీతం. దాని వైద్యం నెలల తరబడి సాగుతుంది. హెర్పిస్ వైరస్ పుండు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది. లెన్సులతో పడుకున్న సంగతి, నీళ్లు తగిలిన సంగతి, ఏదైనా గుచ్చుకున్న సంగతి మీ అమ్మాయి మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పాలి. మందు ఎంపికలో సగం ఆ మాటల మీదే ఆధారపడి ఉంటుంది. మీరు పక్కనుంటే చెప్పడానికి తను జంకుతుందనుకుంటే కాసేపు బయట కూర్చోండి.

మందు పనిచేస్తోందా లేదా అన్నది ఎరుపును బట్టి చూడకూడదు. గంటకోసారి పడే చుక్కలే కంటిని ఎర్రగా ఉంచుతాయి. నొప్పి తగ్గడం, తెల్లమచ్చ పెరగకుండా ఆగడం, దాని అంచులు స్పష్టపడటం, పైపొర పుండు మీదికి మూసుకురావడం మంచి గుర్తులు. 48 గంటలు దాటినా ఇవేవీ కనిపించకపోతే మందు మారుస్తారు, లేదా మళ్లీ గీకి చూస్తారు. సిప్రోఫ్లోక్సాసిన్ ఎక్కువసార్లు వేసినప్పుడు పుండు మీద సున్నంలాంటి తెల్లపొడి పేరుకోవచ్చు. అది మందు గడ్డకట్టడమే, పుండు ముదరడం కాదు. చుక్కలు తగ్గించాక పోతుంది.

ఇప్పుడు ఆ డెక్సామెథసోన్ కలిసిన సీసా. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. వాపునూ ఎరుపునూ అణచేది అదే, ఇన్ఫెక్షన్ ఉన్నా లేకపోయినా అణచేస్తుంది. పోయినేడాది ఒక్క రోజులో ఎరుపు పోయిందంటే సూక్ష్మజీవి చచ్చిందని కాదు, శరీరం చేసే పోరాటం ఆగిందని అర్థం. అప్పుడు వచ్చినది ఏ అలర్జీయో, దానంతటదే తగ్గే వైరస్ కలకో అయి ఉంటే గండం గడిచింది. అదే మందును హెర్పిస్ పుండు మీద వేస్తే కొమ్మలు కలిసిపోయి పెద్ద పుండవుతుంది. ఫంగస్ మీద వేస్తే కార్నియా లోతుల్లోకి దిగుతుంది. పైకి మాత్రం ఒకటి రెండు రోజులు కన్ను తేటపడినట్టే కనిపిస్తుంది, ఆ నమ్మకంతో డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుంది. వారాల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం కూడా రావచ్చు.

స్టెరాయిడ్‌కు కంటివైద్యంలో చోటే లేదని కాదు. బ్యాక్టీరియా అని కల్చర్‌లో తేలిన 500 మందిలో, మోక్సిఫ్లోక్సాసిన్ 48 గంటలు వేశాక స్టెరాయిడ్ కలిపి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. మూడు నెలల తర్వాత మొత్తం మీద చూస్తే స్టెరాయిడ్ వేసినవారి చూపుకీ వేయనివారి చూపుకీ తేడా కనిపించలేదు. అంతటి జాగ్రత్తలో, సూక్ష్మజీవి ఏదో తెలిశాక, యాంటీబయాటిక్ ముందు నడిచాక వాడితేనే లాభం అంతంతమాత్రం. మరి జబ్బేమిటో తెలియని కంట్లో దాన్ని వేయడానికి ఏ కారణమూ లేదు. ఆ సీసా పారేయండి.

చిన్నబ్బాయి సంగతికి వద్దాం. రెండు కళ్లూ, చిక్కటి పసుపు పుసి, పొద్దున రెప్పలు అతుక్కోవడం, నొప్పి ఉందని మీరు రాయకపోవడం, ఆరేళ్ల వయసు. ఇది బ్యాక్టీరియా కండ్లకలకే అయివుండవచ్చు. పెద్దవాళ్లకు వచ్చే కలకల్లో వైరస్‌దే ఎక్కువ, పిల్లల్లో మాత్రం బ్యాక్టీరియా వాటా పెద్దది. వైరస్‌దైతే నీళ్లు కారడం ఎక్కువ, నలక పడ్డట్టు గరగరలాడుతుంది, జలుబో గొంతునొప్పో తోడుంటుంది, చెవి ముందు బిళ్ల కడుతుంది. దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. దురదే ప్రధానమైతే అలర్జీ.

పిల్లల్లో ఈ పుసికి కారణం చాలావరకు హీమోఫిలస్, న్యుమోకోకస్, మొరాక్సెల్లా అనే మూడు రకాలు. పెద్దల్లో స్టెఫైలోకాకస్ ఎక్కువ. ఇవి తెల్లగుడ్డు పొరలో ఉన్నంతవరకు శరీరమే వాటిని వెళ్లగొట్టగలదు. సగానికి పైగా పిల్లలకు మందు లేకపోయినా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. చుక్కలు వేస్తే ఒకటి రెండు రోజులు ముందుగా తగ్గుతుంది, ఇతరులకు అంటించే కాలం కుదించుకుపోతుంది. కాబట్టి తేలికపాటి కలకకు రెండు మూడు రోజులు శుభ్రం చేస్తూ చూసి, తగ్గకపోతే మందు మొదలుపెట్టడం కూడా సరైన వైద్యమే.

ఒక్కో డాక్టరు ఒక్కో మందు రాయడానికి కారణం ఇక్కడే ఉంది. మామూలు కండ్లకలకలో పలురకాల బ్యాక్టీరియాల మీద పనిచేసే మందు ఏది వేసినా ఫలితం దాదాపు ఒకటే. చుక్కల్లో మందు చాలా గాఢంగా ఉంటుంది. మోక్సిఫ్లోక్సాసిన్ 0.5 శాతం అంటే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. ల్యాబ్ రిపోర్టులో లొంగుతుంది, లొంగదు అని రాసేది రక్తంలో చేరే మోతాదును, అంటే కొద్ది మైక్రోగ్రాములను బట్టి. అందుకే రిపోర్టులో లొంగదని ఉన్న బ్యాక్టీరియా కూడా ఒక్కోసారి కంటి మీద చుక్కలకు లొంగుతుంది. ఎంపికను తేల్చేవి వేరే విషయాలు: వయసు, అలర్జీలు, రోజుకు ఎన్నిసార్లు వేయగలరు, లెన్సులు వాడతారా, గర్భమా, ఇంతకుముందు ఏం వాడారు.

క్లోరాంఫెనికాల్ 0.5 శాతం చుక్కలు మామూలు కలకకు ఇప్పటికీ మంచి మందే. మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి, తర్వాత నాలుగు గంటలకోసారి, మొత్తం ఐదు రోజులు. సూడోమొనాస్ మీద పనిచేయదు గనుక లెన్సులు వాడేవారికి తగదు. తమకు గానీ కుటుంబంలో గానీ ఎముకమజ్జ దెబ్బతిన్న రక్తజబ్బుల చరిత్ర ఉంటే మానుకోవాలి, కాన్పు దగ్గరపడిన గర్భిణులకూ వద్దు. అజిత్రోమైసిన్ 1 శాతం చుక్కలు చిక్కగా ఉండి కణజాలంలో రోజుల తరబడి నిలుస్తాయి. రెండు రోజులు రెండేసిసార్లు, ఆపై ఐదు రోజులు ఒక్కోసారి చాలు. గింజుకునే పిల్లలకు ఇది వరం. అయితే దీనికి లొంగని స్టెఫైలోకాకస్ ఇప్పుడు బాగా పెరిగింది, సూడోమొనాస్ మీద ఇదీ పనికిరాదు. పాలీమిక్సిన్, ట్రైమెథోప్రిమ్ కలిసిన చుక్కలు పిల్లల కలకకు చక్కగా సరిపోతాయి. ఫ్యూసిడిక్ యాసిడ్ జెల్ స్టెఫైలోకాకస్ మీద బాగా పనిచేస్తుంది, హీమోఫిలస్ మీద అంతగా కాదు.

మీ పాత సీసాల్లో మొదటిది టోబ్రామైసిన్, దాని తోబుట్టువు జెంటామైసిన్. ఇవి సూడోమొనాస్ లాంటివాటి మీద గట్టివి. న్యుమోకోకస్, ఇతర స్ట్రెప్టోకాకస్‌ల మీద మాత్రం బలహీనం, పిల్లల కలకలో తరచూ ఉండేది అదే కదా. పైగా వారం దాటి వాడితే కార్నియా పైపొరనే గీరినట్టు చేస్తాయి, కన్ను ఎరుపు తగ్గదు. తగ్గలేదని ఇంకా వేస్తారు, ఎరుపు ఇంకా పెరుగుతుంది. ఈ జాతిలోనిదే నియోమైసిన్. దాని అలర్జీ వల్ల మందు మొదలెట్టిన కొన్నాళ్లకు రెప్పలు ఎర్రబడి, పొట్టు లేచి, దురద పుడుతుంది.

ఫ్లోరోక్వినొలోన్లు విస్తృతంగా పనిచేస్తాయి, కంటిని పెద్దగా బాధపెట్టవు. మోక్సిఫ్లోక్సాసిన్, గాటిఫ్లోక్సాసిన్ న్యుమోకోకస్, స్టెఫైలోకాకస్‌ల మీద పాతవాటికన్నా మెరుగు. సూడోమొనాస్ మీద సిప్రోఫ్లోక్సాసిన్ పదును ఇప్పటికీ ఎక్కువే. కార్నియా పుండుకు వీటి అవసరం ఎంతో ఉంది కనుకే, తేలికపాటి కలకకల్లా వీటినే ముందు వాడటం మంచి పద్ధతి కాదు. ప్రతి ఎర్రకంటికీ వాడుతూపోతే లొంగని బ్యాక్టీరియా రెప్పల మీదా ముక్కులోనూ స్థిరపడుతుంది, రేపు నిజంగా పుండు పడిన రోజున పనిచేయాల్సిన మందు పనిచేయదు. మీ అబ్బాయికి ఇప్పటికే మొదలుపెట్టారు, నయమవుతోంది, కాబట్టి మధ్యలో మార్చొద్దు. మొత్తం ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు వేసి ఆపేయండి. స్టెరాయిడ్‌లాగా మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి తగ్గించుకుంటూ రావద్దు. యాంటీబయాటిక్‌ను చంపలేనంత తక్కువ మోతాదులో పొడిగించడం, బ్యాక్టీరియాకు దాన్ని తట్టుకోవడం నేర్పడమే.

మందు సరైనదే అయినా పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం వేసే తీరు. కంట్లో మామూలుగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్ల దరిదాపు. రెప్పల మధ్య మహా పడితే 30 పడుతుంది. సీసా నుంచి జారే ఒక్క చుక్కే 30 నుంచి 50 ఉంటుంది. రెండు మూడు చుక్కలు వేసినా రెండోది చెంప మీదికే. ఒక్క చుక్క చాలు. ముందు చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీటిలో ముంచిన దూదితో పుసి తుడవండి. ఒక్కో తుడుపుకు కొత్త దూది, ఒక్కో కంటికి వేరే దూది. పుసి మధ్య మందు వేస్తే మందు పుసికే అంటుకుంటుంది. కింది రెప్పను కిందికి లాగి ఆ జేబులో చుక్క వదలండి, సీసా ముక్కు రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. ఆపై రెండు నిమిషాలు కళ్లు మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో మెత్తగా నొక్కి ఉంచండి. లేకపోతే మందు కన్నీటి గొట్టం గుండా గొంతులోకి దిగిపోతుంది, నోరు చేదవుతుందనేది అందుకే. ఇంకో మందు వేయాలంటే ఐదు నిమిషాల ఎడం ఉండాలి. ఆయింట్‌మెంట్ ఉంటే చివర్లో. ముందే రాస్తే దాని జిడ్డు మీద చుక్క నిలవదు.

మీవాడు గింజుకుంటుంటే వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమనండి. ముక్కు పక్క మూలలో చుక్క వేసి, అప్పుడు కళ్లు తెరవమంటే అదే లోపలికి జారుతుంది. నిద్రలో వేసినా ఫరవాలేదు. వాడికి చెవినొప్పి గానీ జ్వరం గానీ ఉందేమో అడగండి. హీమోఫిలస్ ఒక్కోసారి కంటినీ చెవినీ కలిపి పడుతుంది. అప్పుడు చుక్కలు చాలవు, నోటి ద్వారా అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందు లాంటిది పిల్లల డాక్టరు ఇవ్వాలి.

చుక్కలు ఎంత వేసినా చాలని సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. పుట్టిన 28 రోజుల్లోపు శిశువుకు కళ్లు వాచి పుసి కడితే ఇంట్లో ఏమీ వేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లైంగికంగా సోకి, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు చేరే గనేరియా, క్లమీడియా బ్యాక్టీరియాలు కావచ్చు. వాటికి ఇంజెక్షనో నోటిమందో కావాలి, తల్లిదండ్రులకూ చికిత్స ఉంటుంది. పెద్దవాళ్లలోనూ తుడిచిన కొద్ది నిమిషాలకే మళ్లీ చీము నిండుతుంటే గనేరియా కావచ్చు, అదీ ఆ రోజే చూపించాల్సినదే. రెప్ప అంచున లేచే కురుపుకు వేడి కాపడం రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు చాలు. యాంటీబయాటిక్ చాలావరకు అక్కర్లేదు. ముక్కు పక్కన కంటి మూలలో ఎర్రగా ఉబ్బితే కన్నీటి సంచి ఇన్ఫెక్షన్, దానికి నోటిమందు. గొట్టం మూసుకుపోయి ఉంటే తర్వాత ఆపరేషన్. రెప్ప మొత్తం వాచి, కన్ను కదిలిస్తే నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే కంటి గుంటలోకి పాకినట్టు. స్కాన్ తీసి, నరం ద్వారా మందులివ్వాలి. కంటి ఆపరేషనైన కొద్దిరోజులకు నొప్పీ మసకా మొదలైతే కనుగుడ్డు లోపలే చీము పట్టి ఉండవచ్చు. అక్కడికి చుక్క చేరదు, కనుగుడ్డులోకే ఇంజెక్షన్ ఇవ్వాలి, గంటల ఆలస్యం కూడా చూపును తీస్తుంది.

మీ అబ్బాయికి ఇంకో మూడు రోజుల్లో పూర్తిగా తేటపడకపోతే, ఎప్పుడైనా నొప్పి, మసక, వెలుతురు భరించలేకపోవడం మొదలైతే వాడినీ కంటి డాక్టరుకు చూపించండి. ఇంకో యాంటీబయాటిక్‌కు మారే ముందు అడగాల్సినవి ఇవి: ఇది మొదటినుంచీ వైరస్సా? చుక్కలు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ పడలేదా? రెప్ప కింద నలక ఏమైనా ఉందా? పుసి ఉన్నన్నాళ్లూ వాడి తువ్వాలు, దిండుగలీబు విడిగా ఉంచండి. వాడి సీసాను ఇంట్లో మరెవరికీ వాడకండి, ఏడు రోజులయ్యాక మిగిలింది పారేయండి. ఏ కంటి సీసా అయినా మూత తీసిన నాలుగు వారాలకు పారేయాల్సిందే, లోపల మందు సగం మిగిలినా సరే. మీ పాత టోబ్రామైసిన్ కూడా అందులోకే వస్తుంది.

మీ అమ్మాయి పాత లెన్సులు, డబ్బా పరీక్షకు అక్కర్లేదని డాక్టరు చెప్పాక పారేయాలి. పుండు మాని, మందులు ఆపి, డాక్టరు స్లిట్ ల్యాంప్‌లో చూసి సరేనన్నాకే కొత్త జత. అప్పటిదాకా కళ్లజోడు. తర్వాత డబ్బాను ద్రావణంతోనే కడిగి, బోర్లించి ఆరబెట్టాలి, కుళాయి నీళ్లు తగలనివ్వకూడదు. డబ్బాలో ద్రావణం రోజూ పారబోసి కొత్తది పోయాలి, పాతదాంట్లోనే కాస్త కలిపి సరిపెట్టకూడదు. డబ్బాను మూడు నెలలకోసారి మార్చాలి. లెన్సులతో నిద్ర మాత్రం ఒక్క రాత్రి కూడా వద్దు.